చెరుకు మడి నుంచి బీరు సీసా దాకా: మారిషస్ కథలో మన లెక్క

ఈ మధ్య సంఘం పని మీద హైదరాబాదు వెళ్లాను. సాయంత్రం తార్నాకలో వ్యవసాయ కార్మికుల సమావేశం ఉంది. చర్చకు పెట్టుకున్నది ఒకే అంశం: ఊళ్లల్లో బెల్టు షాపుల సంగతి ఏం చేద్దాం? పొద్దున్నే బస్సు దిగాను గనుక చేతిలో సగం రోజు మిగిలింది. మా మండలం అమ్మాయి ఒకామె ఉస్మానియా యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నది. తల్లి నాట్లేసే కూలీ, మా సంఘం సభ్యురాలు, నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆమె కట్టిచ్చిన సకినాల మూట పట్టుకొని ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచాను.

ఆ అమ్మాయి బల్ల మీద పుస్తకాల పక్కన ఒక ఖాళీ సీసా ఉంది. అందులో గునుగు పూలు పెట్టింది. సీసా మీద రెక్కలు చాచిన పక్షి బొమ్మ. దగ్గరికి పోయి చూస్తే అది బీరు సీసా.

"ఇదేంది బిడ్డా, సదువుల తల్లి గుడిల బీరు సీసా?" అన్నాను.

ఆమె నవ్వింది. "మారిషస్‌ది మామా. అక్కడి తెలుగాయన ఒకరు ముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చి మా సారును కలిసిండు. ఆయన ఇచ్చి పోయిండు. మన కూలోళ్ల కథంతా ఈ సీసాలనే ఉంది" అంది.

ఆమె చెప్పిన కథ మన పాఠకులకు తెలియాలి. తాగేవాడికీ, తాగవద్దనేవాడికీ అందులో పనికొచ్చే లెక్క ఉంది.

కోరంగి నుంచి పోర్ట్ లూయీకి

మారిషస్ హిందూ మహాసముద్రంలో ఒక చిన్న దీవి. విస్తీర్ణంలో మన పాత జిల్లాల్లో చాలావాటికన్నా చిన్నది. మొదట డచ్చివాళ్లు, తరువాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు దాన్ని ఏలారు. చెరుకును తెచ్చి నాటింది డచ్చివాళ్లయితే, దాన్ని దీవి అంతటా పరిచింది ఫ్రెంచి దొరలు. పని చేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు.

1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. దొరలకు నష్టపరిహారం ముట్టింది. బానిసలకు దక్కింది స్వేచ్ఛ ఒక్కటే, సెంటు భూమి కూడా కాదు. చెరుకు నరికే చేతులు కావాలి గదా, అందుకు దొరల చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను పోర్ట్ లూయీ రేవులో దింపింది. అది మొదలు, 20వ శతాబ్దం తొలి ఏళ్ల దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ రేవులో దిగారు. వాళ్లు దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. గోదావరి కలిసే చోట, కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది. విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి పోయిన మనవాళ్లకు అక్కడ ఆ రేవు పేరే నిలిచిపోయింది. కోరంగీలు అన్నారు. కరువు వచ్చి, దళారి వచ్చి, నెలకు ఐదు రూపాయల జీతం, ఐదేళ్ల కడ్డాయి ఒప్పందం అని వేలిముద్ర వేయించుకొని ఓడ ఎక్కించారు. అక్కడ ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్నే రెట్టింపు కోత అన్నారు. జ్వరమొచ్చి పడుకున్న కూలీ నెలాఖరుకు దొరకే బాకీ పడేవాడు.

మన ఊళ్లల్లో వెట్టి చేసినవాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. సముద్రం దాటినా అదే లెక్క.

ఆ కూలీల బిడ్డలు ఊరుకోలేదు. 1936లో అక్కడ లేబర్ పార్టీ పుట్టింది. 1937లో తోటల్లో తిరుగుబాటు లేచింది. 1943 సెప్టెంబరు 27న దీవి ఉత్తర భాగంలోని బెల్ వ్యూ హారెల్ తోటలో కూలి పెంచమన్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. వాళ్లలో అంజలై కూపెన్ అనే నిండు గర్భిణి ఉంది. ఈనాడు అక్కడి క్రీడా మైదానానికి ఆమె పేరు పెట్టుకున్నారు. ఆ నెత్తుటి మీదుగానే 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమయింది.

చక్కెర దొరల బీరు

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం.

1960 నాటికి ఆ దేశం ఎగుమతుల్లో దాదాపు అంతా చక్కెరే. ఒక్క పంట మీద బతికే దేశానికి గాలివాన వస్తే ఏమవుతుంది? ఆ ఏడాది జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, రెండు తుఫానులు వచ్చి చెరుకును నేలమట్టం చేశాయి. వేలాది కూలీల గుడిసెలు లేచిపోయాయి. చక్కెర ఒక్కటే పట్టుకు కూర్చుంటే మునుగుతామని దొరలకూ తెలిసింది, సర్కారుకూ తెలిసింది. అదే 1960లో మారిషస్ బ్రూవరీస్ అనే కంపెనీ రిజిస్టరయింది. ఫీనిక్స్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ కట్టారు. 1963లో మొదటి బీరు బయటికి వచ్చింది. ఊరి పేరే సీసాకు పెట్టారు. ఫీనిక్స్ అంటే బూడిదలోంచి తిరిగి లేచే పక్షి. తుఫాను దెబ్బ తిన్న దేశానికి ఆ పేరు బాగానే అతికింది.

మొదట చిన్న కంపెనీయే. తరువాత కోకాకోలా నింపే కంపెనీ కూడా దానితో కలిసి ఫీనిక్స్ బెవరేజెస్ అయింది. విదేశీ గిన్నిస్ బీరును కూడా లైసెన్సు మీద అక్కడే కాస్తారు. కంపెనీ వాటాలు స్టాక్ మార్కెట్లో అమ్ముడవుతాయి. దాని మీద పెత్తనం ఐబీఎల్ అనే వ్యాపార సమూహానిది. 2016లో రెండు పెద్ద సమూహాలు కలిసి ఐబీఎల్ అయ్యాయి. అందులో ఒకదాని పేరు గ్రూప్ మోన్ లువాజిర్. మోన్ లువాజిర్ అంటే ఏమిటనుకున్నారు? దీవి ఉత్తరాన ఉన్న ఒక చక్కెర తోట పేరు.

చెరుకు తోటలో పోగైన పెట్టుబడి బీరులోకి, సోడాలోకి, దుకాణాల్లోకి, బ్యాంకుల్లోకి నడిచింది. 2025లో ఈ కంపెనీయే పక్కనున్న మరో దీవి దేశం సీషెల్స్‌లోని బ్రూవరీలో బ్రిటిష్ కంపెనీ డియాజియో వాటాను కొనడానికి ఒప్పందం చేసుకుంది. చెరుకు నరికిన చేతుల మనుమళ్లలో కొందరు చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, మంత్రులూ అయ్యారు. అది పోరాడి తెచ్చుకున్నది. తోట యజమాని మాత్రం తోట పోయినా యజమానిగానే మిగిలాడు.

బీరు ఎట్లా తయారవుతుంది?

మన కార్యకర్తల్లో చాలామందికి బీరు దేంతో చేస్తారో తెలియదు. సారా, బీరు ఒకటే అనుకుంటారు. సారాను కాచి ఆవిరి పట్టి దించుతారు. బీరును దించరు, పులియబెడతారు.

బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక రాగానే వేడిగాలితో ఆరబెడతారు. దీన్ని మాల్టు అంటారు. మన తల్లులు పసిపిల్లలకు రాగి మొలకలు ఎండబెట్టి పిండి చేసే పద్ధతే ఇది. మాల్టును పిండి కొట్టి వేడినీళ్లలో కలిపితే గింజలోని పిండి పదార్థం తీపి అవుతుంది. ఆ తీపి నీళ్లను వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వు వేసి మరగకాస్తారు. చల్లార్చి ఈస్టు కలిపితే అది తీపిని తిని సారాంశాన్నీ, గ్యాసునూ పుట్టిస్తుంది. కొన్నాళ్లు చల్లని ట్యాంకుల్లో ఉంచి, వడగట్టి సీసాల్లో నింపుతారు. మన దేశంలో బార్లీకి తోడు నూకలు, మొక్కజొన్న, చక్కెర వంటివి కూడా కలుపుతారు.

మారిషస్‌లో బార్లీ పండదు. హాప్స్ పండదు. రెండూ ఓడల మీద దిగుమతి కావలసిందే. ఆ దీవిది నీళ్లు ఒక్కటే. కూలీ శ్రమ ఒక్కటే. తాగేవాడి జేబు ఒక్కటే.

మన గడ్డ మీద

ఇక్కడికి వచ్చేసరికి ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి, "మామా, మనకాడ ఏం తేడా ఉంది చెప్పు?" అని అడిగింది. తేడా వెతికాను. దొరకలేదు.

బార్లీ పండేది రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లో. మనది కాదు. కంపెనీల వాటాలు మన చేతిలో లేవు. దేశంలో అన్నిటికన్నా పెద్ద బీరు కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్ మీద పెత్తనం హాలండుకు చెందిన హైనకెన్‌ది. మన సంగారెడ్డి జిల్లాలో దాని ఫ్యాక్టరీలున్నాయి. నీళ్లు మాత్రం మనవి. మంచి యంత్రాలున్న చోట కూడా లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. 2016 ఎండాకాలం గుర్తుందా? మంజీర మీది సింగూరు ఎండి నెర్రెలు బాసింది. ఊళ్లకు ట్యాంకర్లు తిరిగాయి. అదే ఏడాది మహారాష్ట్రలో కరువు వస్తే, బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి మద్యం ఫ్యాక్టరీల నీళ్లు కోయమని ఆదేశించింది. అంటే కోర్టు చెప్పేదాకా మనిషి గొంతు కన్నా సీసా గొంతే ముందు తడిసిందన్నమాట.

ఇంక సర్కారు సంగతి. తెలంగాణలో కంపెనీ నేరుగా దుకాణానికి అమ్మడానికి లేదు. సర్కారు వారి బెవరేజెస్ కార్పొరేషన్ కొని దుకాణాలకు ఇస్తుంది. 2025 జనవరిలో ధర పెంచలేదనీ, బాకీలు తీర్చలేదనీ కంపెనీ సరఫరా ఆపింది. కొద్ది రోజులకు మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో సర్కారు 15 శాతం పెంచింది. కంపెనీ సమ్మె చేస్తే దాదాపు నెలకే రేటు పెరిగింది. కూలి రేటు కోసం మనం సమ్మె చేస్తే ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలుసు.

సీసా ధరలో ఎక్కువ భాగం సుంకాలు, పన్నులే. 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. సాయంత్రం ఒక్క సీసా తాగితే అందులో సగం పోతుంది. ఎండలో మట్టి తవ్వి ఇచ్చిన కూలిని సర్కారే సాయంత్రం సీసా మూతతో వెనక్కి తీసుకుంటున్నది.

తార్నాక చర్చ

సాయంత్రం తార్నాకలో చిన్న అద్దె గదిలో నలభై మంది కూర్చున్నాం. పొద్దున విన్నదంతా చెప్పాను. కొందరు, "సారా అయితే మనిషిని చంపుద్ది. బీరుదేముందన్నా, చల్లనీళ్ల లెక్క" అన్నారు. నేను దాచలేదు. నేనూ తాగినవాణ్నే. మా ఊళ్లో నాట్ల కూలి పంచే ఆసామి దొడ్డి వెనకే సారా దుకాణం ఉండేది. ఆయన కుడి చేత్తో ఇచ్చింది ఆయన బంధువు ఎడమ చేత్తో తీసుకునేవాడు. నా మొదటి కూలిలో సగం అక్కడే పోయింది. ఆ రాత్రి మా అమ్మ పొయ్యి వెలిగించలేదు.

ఒక గీత కార్మికుడు లేచి, "మమ్మల్ని కంపెనీలతోని ఒక్క గాట కట్టకుండ్రి. చెట్టెక్కి పడి సచ్చేది మేము. బీరు వచ్చినంక మా కల్లు కుండ ఎండిపోయింది" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. తీర్మానంలో అది రాసుకున్నాం.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను తలుచుకున్నాం. 1992లో వాళ్లు సారా మీద లేచారు. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధమయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఆదాయం పేరు చెప్పి దాన్ని సడలించారు. గెలిచింది ఆడవాళ్ల పోరాటం, ఓడించింది ఖజానా లెక్క. అందుకే ఈసారి నీతులు చెప్పే ప్రచారం వద్దనుకున్నాం. తాగేవాణ్ని తిట్టడం తేలిక. ఎవరికి ఎంత పోతున్నదో లెక్క చూపించాలి.

చివరికి మూడు కోర్కెలు తీర్మానించాం. ఒకటి, లైసెన్సు లేని బెల్టు షాపుల్ని మూయించాలి, మూయించని అధికారిని నిలదీయాలి. రెండు, కూలి డబ్బు పొద్దుండగానే, ఆడవాళ్ల కూలి ఆడవాళ్ల చేతికే ఇవ్వాలి. మూడు, కరువు ఏడాది నది నీళ్లు ముందు తాగడానికి, తరువాత మడికి, మిగిలితేనే ఫ్యాక్టరీకి.

సమావేశం అయిపోతుండగా వెనక కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది: "బార్లీ వాళ్లది, కంపెనీ వాళ్లది, పన్ను సర్కారుది. మరి మనదేంది అయ్యా?"

"నీళ్లు, పైసలు" అన్నారెవరో.

"అయితే ఆ రెండూ ఇయ్యకుంటే సరి" అంది ఆమె.

ఆ మాటనే కరపత్రం మీద మొదటి వాక్యంగా వేయాలని నిర్ణయించాం. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి ఊరూరా కరపత్రాలు పంచుతాం. ఈ కాలమ్ చదివే కార్మికులు, కార్యకర్తలు మీ ఊళ్లో బెల్టు షాపులెన్నో, రోజుకు ఎంత కూలి వాటిలో పోతున్నదో లెక్క రాసి మీ మండల సంఘానికి అందజేయండి.