ట్యూనర్ పోతే ఎవరి టీవీ ఆగిపోతుంది?

మట్టెవాడలో టీవీ కొనబోతే దుకాణంలో ముందు చూపించేది రిమోట్ మీది యాప్ బటన్లనే. ట్యూనర్ ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అడగాలని మేం అంటున్నాం.

గాలిలో వచ్చే సంకేతాన్ని పట్టి బొమ్మగా మార్చే భాగమే ట్యూనర్. అది ఉంటే నెట్ లేకున్నా చానెల్ వస్తుంది. అమెరికాలో విజియో కంపెనీ 2016లోనే కొన్ని మోడళ్లలో దాన్ని తీసేసింది. మన దగ్గర అమ్మే చాలా సెట్లకు యాంటెన్నా రంధ్రం ఉన్నా, లోపల ఉన్నది పాత అనలాగ్ ట్యూనరే. దూరదర్శన్ అనలాగ్ ప్రసారాలేమో 2022 నాటికి దాదాపుగా ఆగిపోయాయి. ఇక ఉచితంగా మిగిలింది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో మొదలైన ఈ సేవను దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్లు వాడుతున్నాయి. దానికి డిష్, సెట్‌టాప్ బాక్స్ విడిగా కొనుక్కోవాలి.

ఇది వినోదం గొడవ అనుకునేవాళ్లు 2020ని గుర్తు చేసుకోవాలి. కరోనాతో బడులు మూతపడ్డాక, సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకు పాఠాలు టీ-శాట్, డీడీ యాదగిరి చానెళ్లలో వచ్చాయి. అంతకు ముందు 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కలో, దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు 23.8 శాతమే. ఒకే ఫోను, అదీ కూలికి పోయే తండ్రి జేబులో ఉండే ఇంట్లో, పాఠం టీవీలో రావాల్సిందే. దళితవాడలకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

ప్రసార భారతి 2024 నవంబర్‌లో వేవ్స్ యాప్ తెచ్చింది. దూరదర్శన్ చానెళ్లు అందులోనూ చూడొచ్చు. మరి డేటా? హెచ్‌డీ బొమ్మ గంటకు ఒక జీబీ దాకా తింటుంది, రోజుకు జీబీన్నర ప్యాకేజీ ఒక్క సినిమాకే అయిపోతుంది. పైగా ప్రసారం చూస్తే ఎవరు చూశారో దూరదర్శన్‌కు తెలియదు. యాప్‌కు అన్నీ తెలుస్తాయి.

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జాతీయ ప్రాధాన్యం గల మ్యాచ్‌ల సంకేతాన్ని ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతోంది. కానీ ఆ సంకేతం దూరదర్శన్ సొంత యాంటెన్నా ప్రసారానికీ, సొంత డిష్ సేవకే పరిమితమని 2017లో కోర్టు తేల్చింది. అంటే ఆ హక్కు దక్కాలంటే దాన్ని పట్టే పరికరం ఇంట్లో ఉండాలి.

టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉండేలా భారత ప్రమాణాల సంస్థ 18112:2022 అనే ప్రమాణం రాసింది. బాక్స్ లేకుండానే ఫ్రీ డిష్ వస్తుందని 2023 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రి అనురాగ్ ఠాకూర్ చెప్పారు. ప్రమాణం రాసినంత మాత్రాన కంపెనీలు పెట్టవు, తప్పనిసరి చేస్తేనే పెడతాయి. విద్యార్థి సంఘాలు ఎస్సీ హాస్టళ్ల టీవీల కొనుగోలు దగ్గరే ఈ డిమాండ్ మొదలుపెట్టవచ్చు: టెండర్‌లో శాటిలైట్ ట్యూనర్ అని రాయించండి. ఇంటికి కొనేవాళ్లు బిల్లు మీద రాయించుకోండి. దొరకకపోతే డిష్, ఫ్రీ డిష్ బాక్స్ కలిపి సుమారు రెండు వేలలో వస్తాయి, నెల చందా లేదు.