ఒక బడి, రెండు భాషలు: నార్వాలో ఒక వినిమయ విద్యార్థిని దినచర్య

ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరొక భాష. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇది వింత కాదు. అలవాటైపోయినందువల్ల మనం దాన్ని గురించి ఆగి ఆలోచించడం తక్కువ. ఇలాంటి పరిస్థితే మరో దేశంలో, మరో చరిత్రతో ఎలా ఉన్నదో చూస్తే మన పరిస్థితి కొంత స్పష్టమవుతుంది. అందుకు ఎస్టోనియా దేశపు తూర్పు సరిహద్దున ఉన్న నార్వా పట్టణాన్ని తీసుకుంటున్నాను. అక్కడి జనంలో అత్యధికుల ఇంటి భాష రష్యన్. దేశానికి రాజభాష ఎస్టోనియన్.

రష్యన్ నేర్చుకోదలచిన విదేశీ విద్యార్థులు ఒకప్పుడు మాస్కోకో పీటర్స్‌బర్గుకో వెళ్లేవారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైన తరువాత పాశ్చాత్య దేశాల విద్యార్థుల్లో పలువురు ఎస్టోనియా, లాత్వియా, మోల్దోవా వంటి దేశాల్లోని రష్యన్ మాట్లాడే ఊళ్ల వైపు తిరిగారు. విద్యార్థుల వినిమయ పథకాల కింద వచ్చినవారు స్థానిక కుటుంబంలో ఒకరుగా ఉండి, స్థానికులతోపాటు చదువుకుంటారు. అటువంటి పదహారేళ్ల అమ్మాయికి ఒక మామూలు బడిరోజు ఎలా గడుస్తుందో, అక్కడి బడుల పద్ధతులనుబట్టి కూర్చి చెబుతున్నాను. ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. కాలపట్టిక బడికీ బడికీ కొంత మారుతుంది.

నార్వా రష్యన్ ఊరు ఎలా అయింది?

నార్వా నది ఒడ్డున రెండు కోటలు ఎదురెదురుగా ఉంటాయి. ఇవతలిది నార్వా కోట. అవతలిది 1492లో కట్టిన ఇవాన్‌గొరోద్ కోట, అది రష్యాలో ఉంది. 1857లో స్థాపించిన క్రేన్‌హోల్మ్ నూలు మిల్లు వల్ల ఈ ఊరు పారిశ్రామిక కేంద్రమైంది. 1944 నాటి బాంబుదాడుల్లో పాత పట్టణం చాలావరకు నేలమట్టమైంది. ఖాళీ చేసి వెళ్లిన పాత నివాసులు చాలామందికి సోవియట్ పాలనలో తిరిగివచ్చే అవకాశం దొరకలేదు. కొత్త కర్మాగారాలకు రష్యానుంచీ ఇతర సోవియట్ ప్రాంతాలనుంచీ కార్మికులు వచ్చి స్థిరపడ్డారు. ఎస్టోనియా మొత్తం మీద 1934లో 88 శాతంగా ఉన్న ఎస్టోనియన్లు 1989 నాటికి 61.5 శాతానికి తగ్గారు.

సోవియట్ కాలంలో బడులు రెండు తెగలుగా నడిచాయి: ఎస్టోనియన్ బడులు, రష్యన్ బడులు. ఎస్టోనియన్ పిల్లలు రష్యన్ నేర్చుకోక తప్పేది కాదు. రష్యన్ పిల్లల్లో ఎస్టోనియన్ బాగా వచ్చినవారు తక్కువ. 1991 ఆగస్టులో దేశం తిరిగి స్వతంత్రమైంది. కొలువుకూ, పై చదువుకూ ఎస్టోనియన్ అవసరమైంది. బడులు మాత్రం చాలాకాలం రెండు తెగలుగానే సాగాయి. మిల్లు 2010లో దివాలా తీసింది. కార్మికుల పిల్లల ముందు, మనుమల ముందు భాష ప్రశ్నగా నిలిచింది.

ఉదయం

డిసెంబరు నెల అనుకుందాం. నార్వాలో అప్పుడు ఉదయం 9 గంటలకు గాని పొద్దు పొడవదు, మధ్యాహ్నం 3 దాటగానే పొద్దు వాలుతుంది. మన విద్యార్థిని చీకట్లోనే లేచి జావ, చీజు పెట్టిన రొట్టె, టీ తీసుకుంటుంది. కోటుకు చిన్న మెరుపు బిళ్ల వేలాడగట్టుకుంటుంది. మోటారు దీపం పడితే అది మెరుస్తుంది. చీకట్లో నడిచేవారు అది ధరించాలన్నది ఆ దేశపు చట్టం.

బడిలోకి అడుగుపెట్టగానే కోటు తగిలించి, మంచు బూట్లు విప్పి, లోపల వేసుకునే బూట్లు తొడుక్కోవాలి. వీటిని రష్యన్‌లో 'స్మేన్కా' అంటారు. మారుబూట్లు అన్నమాట. గుమ్మంలో చెప్పులు విడిచే మనకు ఈ ఆచారం అర్థం చెప్పనక్కరలేదు.

పాఠం 45 నిమిషాలు. ఉపాధ్యాయిని గదిలోకి రాగానే పిల్లలు లేచి నిలబడతారు. రష్యన్ సంప్రదాయంలో ఉపాధ్యాయులను పేరూ, తండ్రిపేరూ కలిపి పిలుస్తారు. తండ్రి పేరు ఇవాన్ అయితే 'అన్నా' అనే ఉపాధ్యాయిని 'అన్నా ఇవానొవ్నా' అవుతుంది. పేరుకు తండ్రిపేరు చేర్చడమే అక్కడ మన 'గారు' చేసే పని చేస్తుంది. తోటివారిని 'తీ' అనీ, పెద్దలను 'వీ' అనీ అంటారు. అచ్చంగా మన నువ్వు, మీరు. ఈ భేదం లేని భాషనుంచి వచ్చిన విద్యార్థి మొదటివారంలో టీచరును 'తీ' అని క్లాసంతా నవ్వేలా చేయడం మామూలే. తెలుగు పిల్లలైతే ఈ పొరపాటు చేయరు.

ఎస్టోనియన్ పాఠంలో ఈ మర్యాద రూపం మారుతుంది. అక్కడ టీచరును 'ఒపెతయ', అంటే 'ఉపాధ్యాయా', అని పిలవడం పరిపాటి. తండ్రిపేరు ఉండదు. భాష మారితే పాఠ్యపుస్తకం ఒక్కటే కాదు, మనిషిని పలకరించే తీరు కూడా మారుతుంది.

పాఠాలు, విరామాలు

పై తరగతుల్లో కనీసం 60 శాతం బోధన ఎస్టోనియన్‌లో జరగాలనే నియమం 2007లో మొదలై, 2011లో 10వ తరగతిలో చేరినవారినుంచి పూర్తిగా అమలైంది. అందువల్ల రష్యన్ నేర్చుకోవాలని వచ్చిన మన విద్యార్థినికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. చరిత్ర, భూగోళం ఎస్టోనియన్‌లో జరుగుతాయి. గంట కొట్టగానే నడవా అంతా రష్యన్‌తో నిండిపోతుంది. పది నిమిషాల ఆ విరామాన్ని 'పెరెమేనా' అంటారు. 'మార్పు' అని అర్థం. ఆమెకు అసలైన రష్యన్ తరగతి అదే.

రెండు భాషల నిర్మాణం పూర్తిగా వేరు. రష్యన్ ఇండో-ఐరోపా కుటుంబానికి చెందినది, విభక్తులు ఆరు, లింగాలు మూడు. ఎస్టోనియన్ ఫిన్నిష్‌కు చుట్టం, విభక్తులు పద్నాలుగు, వ్యాకరణ లింగమే లేదు. ఎస్టోనియన్‌లో 'మయ' అంటే ఇల్లు, 'మయస్' ఇంట్లో, 'మయస్ట్' ఇంట్లోనుంచి. పదం చివర ప్రత్యయం చేర్చే ఈ పద్ధతి తెలుగు వ్యాకరణం చదివినవారికి సుపరిచితంగా తోస్తుంది. రష్యన్‌లో అదే భావానికి పదానికి ముందు 'వ్', 'ఇజ్' వంటి ఉపసర్గలు పెట్టి, చివర కూడా మార్చాలి. ఒకే పూటలో ఒకదానినుంచి మరొకదానికి మారడం పిల్లల మీద ఎంత పని పెడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

రష్యన్ సాహిత్య పాఠంలో పుష్కిన్, లెర్మాంతొవ్ పద్యాలు కంఠస్థం చేసి అప్పగించాలి. మన శతక పద్యాల అప్పగింత లాంటిదే. మార్కులు 1 నుంచి 5 వరకు, 5 ఉత్తమం. 'ప్యత్యోర్కా' వస్తే పండుగ, 'ద్వోయ్కా' అంటే రెండు వస్తే ఇంట్లో మాట పడాలి. పరీక్షకు వెళ్లేవారితో రష్యన్లు 'ఈకా లేదు, తూలికా లేదు' అనే అర్థమిచ్చే పలుకుబడి అంటారు. దానికి 'దయ్యం దగ్గరికి పో' అని బదులివ్వాలి. దిష్టి తగలకుండా అనే మాట ఇది. వేటగాళ్ల భాషనుంచి వచ్చిందంటారు. ఇలాంటివి పాఠంలో దొరకవు, మెట్లమీద దొరుకుతాయి.

మధ్యాహ్నం భోజనశాలలో, అంటే 'స్తలోవయ'లో, సూపు, బీట్‌రూట్ ముక్కలు, నల్లని రై రొట్టె, 'గ్రేచ్కా' అనే గింజల వంటకం ఉంటాయి. గ్రేచ్కా మన కొర్రన్నంలా పొడిపొడిగా ఉంటుంది. తాగడానికి పండ్లు ఉడికించిన తియ్యని 'కంపోత్'. భోజనబల్ల దగ్గర ఇంటి విషయాలు వస్తాయి. ఒకరి ఇంట్లో ఎస్టోనియన్ పాస్‌పోర్టు, ఒకరి ఇంట్లో రష్యన్ పాస్‌పోర్టు, మరొకరి తాతగారికి ఏ దేశపు పౌరసత్వమూ లేనివారికి ఇచ్చే బూడిదరంగు పాస్‌పోర్టు. నది అవతల ఇవాన్‌గొరోద్‌లో బంధువులున్న కుటుంబాలు ఉన్నాయి. 2024లో వంతెన మీద వాహనాల రాకపోకలు ఆగిపోయి, కాలినడకే మిగిలింది.

సాయంత్రం, ఇంటిదగ్గర

మార్కులు, ఇంటిపని, టీచరు రాసే మాట అన్నీ కంప్యూటరు దినచర్య పుస్తకంలో తల్లిదండ్రులకు కనిపిస్తాయి. ఇంట్లో వంట దగ్గర అమ్మమ్మ, అంటే 'బాబుష్కా', ఈ రోజేం చదివారని అడుగుతుంది. ఇంటివారి టీవీలో రష్యన్ భాషలోనే దేశపు వార్తలు వినవచ్చు. ఎస్టోనియా ప్రజా ప్రసార సంస్థ 2015లో రష్యన్ చానెల్ ప్రారంభించింది.

అసలు విషయం ఇక్కడ ఉంది. ఆ ఇంట్లో నాలుగో తరగతి చదివే తమ్ముడు ఉన్నాడనుకుందాం. 2022 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం బడులన్నీ ఎస్టోనియన్ మాధ్యమానికి మారాలి. 2024 సెప్టెంబరు 1న శిశు పాఠశాలలతోపాటు 1వ, 4వ తరగతులతో ఇది మొదలైంది. ఆ తరగతుల పిల్లలతోపాటు ఏటేటా పైకి జరిగి 2029-30 విద్యాసంవత్సరానికి పూర్తికావాలి. తమ్ముడి లెక్కల పుస్తకం ఎస్టోనియన్‌లో ఉంది. భిన్నాలు అమ్మమ్మకు బాగా వచ్చు. కాని పుస్తకంలోని ప్రశ్న ఆమెకు చదవడం రాదు. పిల్లవాడు ముందు అనువదించి చెప్పాలి, అప్పుడు ఆమె చెప్పాలి. మధ్యలో 'హారం'కు రష్యన్ మాట పిల్లవాడికి తెలియదు, ఎస్టోనియన్ మాట ఆమెకు తెలియదు.

బడి మాధ్యమం మారితే ఇంటి భాష మరునాడే పోదు. నవ్వులూ, తగవులూ, పలకరింపులూ చాలాకాలం అందులోనే సాగుతాయి. ముందుగా జారిపోయేవి చదువు మాటలు: హారం, వ్యాసార్ధం, కిరణజన్యసంయోగక్రియ వంటివి. వాటితోపాటు పిల్లల చదువులో ఇంటి పెద్దలకు ఉన్న భాగం కూడా జారిపోతుంది. నడవాలో రష్యన్ గలగలా వినిపిస్తున్నా, అది ఆటపాటల రష్యన్‌గా మిగిలిపోవచ్చు. ఏడాదిపాటు అక్కడ ఉన్న వినిమయ విద్యార్థినికి కబుర్ల రష్యన్ అబ్బి, పాఠాల రష్యన్ అంతగా అబ్బకపోవడం దీనికి నిదర్శనం.

ఉభయపక్షాల వాదం

ఎస్టోనియన్ల వాదంలో బలం ఉంది. ప్రపంచం మొత్తంలో ఎస్టోనియన్ మాతృభాషగా గలవారు సుమారు 11 లక్షలు. సొంత దేశంలోనే ఆ భాష నిలబడకపోతే ఇంకెక్కడా నిలబడదు. రెండు తెగల బడులు రెండు సమాజాలను తయారుచేశాయనీ, ఎస్టోనియన్ సరిగా రాని పిల్లలు విశ్వవిద్యాలయంలోనూ ఉద్యోగంలోనూ వెనుకబడ్డారనీ వారు చెబుతారు. 2000లో కెనడా అనుభవం ఆధారంగా ఎస్టోనియన్‌లో నిమజ్జన బోధన ప్రారంభించారు. అంటే పిల్లలకు భాషను పాఠంగా కాక, ఇతర పాఠాలే ఆ భాషలో చెప్పడం. అది తల్లిదండ్రులు కోరి ఎంచుకున్న పద్ధతి.

రష్యన్ తల్లిదండ్రుల భయం కూడా కొట్టివేయదగినది కాదు. ఊరంతా రష్యన్ మాట్లాడేచోట పిల్లలకు ఎస్టోనియన్ వినపడేది బడిలోనే. సగం అర్థమైన భాషలో సగం అర్థమయ్యే సైన్సు దేనికని వారి ప్రశ్న. చాలినంత ఎస్టోనియన్ వచ్చిన టీచర్లు నార్వాలో దొరకడం కష్టంగానే ఉంది. టార్టు విశ్వవిద్యాలయం 1999లో నార్వాలో స్థాపించిన కళాశాల ఉపాధ్యాయులను తయారుచేస్తున్నా, అవసరం అంతకంటే పెద్దది. చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: ఒకే ఇంటి భాష గల పిల్లలు కనీసం 10 మంది కోరితే, ఆ భాషా సంస్కృతుల పాఠం వారానికి కనీసం 2 గంటలు బడి ఏర్పాటు చేయాలి. ఆ రెండు గంటల్లో పద్యం నేర్పవచ్చు. లెక్కల మాటలు నేర్పే సమయం ఉండదు.

మనకు దీనితో పని ఏమిటి?

పోలిక జాగ్రత్తగా చేయాలి. నార్వా రష్యన్ల వెనుక పొరుగున పెద్ద దేశం ఉంది, ఇటీవలి సామ్రాజ్యపు జ్ఞాపకం ఉంది. తమిళనాడు తెలుగువారు శతాబ్దాలుగా అక్కడివారు. అయినా యంత్రాంగం ఒకే తీరుగా నడుస్తుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 1వ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి పైకి జరిగి, 2015-16లో 10వ తరగతిని చేరింది. అప్పటికి గాని చాలామంది తల్లిదండ్రులకు దాని ప్రభావం తెలియలేదు. ఆ తరువాత మైనారిటీ భాషల పిల్లలు న్యాయస్థానాల ద్వారా మినహాయింపులు కోరవలసి వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యం కల్పించాలని 1956లో చేర్చిన రాజ్యాంగ అధికరణం 350-ఎ చెబుతుంది. సౌకర్యం అడిగేవారు లేనప్పుడు అది కాగితం మీదే ఉంటుంది.

రాష్ట్రభాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు. బతుకుతున్న నేల భాష బాగా రావాలి. అదే సమయంలో, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం గదా, భాష బతికే ఉందనుకుని ఊరుకోవడం పొరపాటు. భిన్నాల లెక్క, చెట్టు ఆకు పని, నేటి వార్త, ఈ మూడూ తాతయ్యో అమ్మమ్మో పిల్లలతో తెలుగులో చెప్పుకోగలుగుతున్నారా అని చూసుకోవాలి. తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో చదివివచ్చిన పాఠాన్ని సాయంత్రం ఒక పావుగంట తెలుగులో తిరిగి చెప్పించడం ఏ చట్టమూ అడ్డుకోలేని పని. మాధ్యమం మారిన ఆంధ్ర, తెలంగాణ ఇళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

నార్వా ఇంట్లో అమ్మమ్మా మనవడూ ఆ లెక్క చివరికి చేస్తారు. ఆమె రష్యన్ మాట చెబుతుంది, అతడు ఎస్టోనియన్ మాట చెబుతాడు, పుస్తకం అంచున రెండూ రాసుకుంటాడు. పక్కన కూర్చున్న విదేశీ అమ్మాయి కూడా తన పుస్తకంలో రాసుకుంటుంది. మన పిల్లల పుస్తకాల అంచులు ఖాళీగానే ఉన్నాయి.