రక్తంలో రేయింబవళ్లూ కాపలా!

జ్వరం నాలుగు రోజులైనా తగ్గకపోతే డాక్టరు రాసిచ్చే పరీక్షల చీటీలో ‘సీఆర్‌పీ’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. 2020, 2021లలో కొవిడ్ పుణ్యమా అని అది ఇంటింటికీ తెలిసిపోయింది. రిపోర్టులో అంకె పెరిగిందంటే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడ్డట్టే. నిజానికి సీఆర్‌పీ మనకు హాని చేయడానికి వచ్చింది కాదు, ఒంట్లో పుట్టిన కాపలాదారే!

వాలకం చూసి పట్టేస్తాయి

కొత్త సూక్ష్మజీవి ఒంట్లోకి చొరబడితే దానికి సరిగ్గా సరిపోయే యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. మరి అంతదాకా? పుట్టుకతో వచ్చిన రక్షణ వ్యవస్థే దిక్కు. అందులో తెల్లరక్తకణాలతోపాటు రక్తంలోనూ ఊపిరితిత్తుల లోపలి తడిలోనూ కరిగి ఉండే కొన్ని ప్రొటీన్లూ ఉంటాయి. ఇవి ఒక్కో క్రిమినీ పేరుపేరునా గుర్తుపట్టలేవు. చాలా క్రిములకు ఉమ్మడిగా ఉండే ఆనవాళ్లను, ముఖ్యంగా పైపొర మీది చక్కెరల అమరికను పసిగడతాయి. దొంగ పేరు తెలియకపోయినా వాలకం చూసి నిలదీసే ఊరి కాపలాదారులాగన్నమాట.

ఇలాంటి గుర్తింపు గురించి అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ జేన్‌వే 1989లో సిద్ధాంతం ప్రతిపాదించారు. సీఆర్‌పీ మాత్రం అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందే దొరికింది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరాన్ని పరీక్షిస్తున్నారు. న్యుమోనియా బ్యాక్టీరియా నుంచి తీసిన ‘సీ’ అనే పదార్థాన్ని కలిపితే సీరంలో మడ్డి ఏర్పడింది. జబ్బు నయమయ్యాక అదే రోగి సీరంలో అలా జరగలేదు. అలా ‘సీ’తో చర్య జరిపే ప్రొటీన్‌కు ‘సీ-రియాక్టివ్ ప్రొటీన్’ అన్న పేరు స్థిరపడింది.

పుట్టిల్లు కాలేయం

ఒంట్లో ఎక్కడ వాపు, మంట మొదలైనా కాలేయానికి రసాయన కబురు అందుతుంది. ఆరేడు గంటల్లో రక్తంలో సీఆర్‌పీ పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. అయిదు ముక్కలు ఉంగరంలా అమరిన ఈ ప్రొటీన్ క్రిముల మీద, దెబ్బతిన్న కణాల మీద ఉండే ఫాస్ఫోకోలిన్‌ను పట్టుకుంటుంది. వెంటనే ‘కాంప్లిమెంట్’ అనే మరో ప్రొటీన్ల దండును పిలుస్తుంది. అవి అతుక్కున్న క్రిమిని తెల్లకణాలు తేలిగ్గా మింగేస్తాయి.

దీనికి తోబుట్టువుల్లాంటివీ ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఎస్‌పీ-ఎ, ఎస్‌పీ-డి అనేవి పీల్చిన గాలితో వచ్చే క్రిముల్ని పట్టుకుంటాయి. మన్నోజ్ అనే చక్కెరను గుర్తుపట్టే ఎంబీఎల్ రక్తంలో తిరుగుతుంటుంది. కొందరిలో ఎంబీఎల్ పుట్టుకతోనే తక్కువ. వాళ్లలో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ తల్లి ఇచ్చిన యాంటీబాడీలు తరిగిపోయి, సొంతవి ఇంకా పూర్తిగా సమకూరని ఆర్నెల్ల నుంచి ఏడాదిన్నర వయసులో ఆ లోటు కొంత బయటపడుతుందనీ, జలుబు, దగ్గు లాంటివి ఎక్కువగా వస్తాయనీ పరిశోధనలు చెబుతున్నాయి.

అంకె చెప్పేదెంత?

మామూలుగా లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే ఉండే సీఆర్‌పీ, తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో వంద దాటవచ్చు. అయితే కబురు పంపేది వాపు కాబట్టి ఆపరేషన్ జరిగినా, గుండెపోటు వచ్చినా, కీళ్లవాతం ముదిరినా అది పెరుగుతుంది. జబ్బు ఫలానా అనిగానీ, కారణం ఫలానా క్రిమి అనిగానీ ఆ అంకె చెప్పదు. జ్వరం వచ్చిన తొలి గంటల్లో పరీక్ష చేయిస్తే మామూలుగానే కనిపించవచ్చు కూడా. అందుకే రిపోర్టు చూసుకుని మందుల షాపులో సొంతంగా యాంటీబయాటిక్స్ కొనడం తప్పు.

దాని అసలు ప్రయోజనం మళ్లీ చేయించినప్పుడు తెలుస్తుంది. రక్తంలోని సీఆర్‌పీలో సగం దాదాపు 19 గంటల్లో హరించుకుపోతుంది. వాపు తగ్గితే కాలేయం కొత్తగా పంపడం ఆపేస్తుంది, అంకె చకచకా దిగుతుంది. చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది డాక్టరుకు అలా తెలుస్తుంది. దిగకపోతే కారణం వెతకాలి. కాబట్టి రెండోసారి వెళ్లేటప్పుడు పాత రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి!