ఇంటిలోనే పీపా సోడా: తయారుచేయు విధము, వహింపవలసిన జాగ్రత్తలు



పసుపు త్రవ్వి, కొమ్ములుడికించి, కల్లములయందు ఆరబోయు దినములలో ఎండలు ముదురుచుండును. ఏర్గట్ల మొదలు ఆర్మూరు వరకు ఆ కాలమున చల్లని సోడాను కోరనివారు అరుదు. పదిమంది కూలీలు పనిచేయు ఇంట అంగడి సోడాకగు వ్యయము స్వల్పము కాదు. దానిని ఉక్కు పీపాలో ఇంటనే తయారుచేసి, నల్లా త్రిప్పి పట్టుకొనుట నేడు సాధ్యమే. కాని ఇది ఒత్తిడితోడి పని. తెలిసి చేసినవారికి లాభము, తెలియక చేసినవారికి ప్రాణభయము.

సోడా యనగా బొగ్గుపులుసు గాలి కరగిన నీరు. 1767లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్లీ యను పండితుడు, సారాయిశాలలో పులియు తొట్లపై నిలిచిన ఈ గాలిని నీటిలో చేర్చి చూచెను. మనమెరిగిన గోలీసీసాకు 1872లో హైరం కాడ్ అను ఆంగ్లేయుడు హక్కు పొందెను. ఆ సీసాను తలక్రిందులుగా నింపుదురు. లోని గాలి గోలీని రబ్బరు వలయమునకు అదిమి మూతగా నిలుపును. ఆ ఒత్తిడియే పీపా సోడాకును మూలము.

ఇందు రెండు సూత్రములు గలవు. మొదటిది చల్లదనము: మంచువంటి లీటరు నీటిలో లీటరున్నర గాలికి మించి కరగును, 20 డిగ్రీల నీటిలో లీటరైనను కరగదు. రెండవది ఒత్తిడి: అది రెట్టింపైన, కరగు గాలియు రెట్టింపగును. కావున నీటిని ముందుగా బాగుగా చల్లార్చవలెను.

కావలసినవి: 19 లీటర్లు పట్టు తుప్పు పట్టని ఉక్కు పీపా, పానీయములకై నింపిన గాలి సిలిండరు, ఒత్తిడిని తగ్గించు రెగ్యులేటరు, గొట్టములు, నల్లా. కడిగిన పీపాలో 16 లీటర్ల మంచినీరు పోసి, పై భాగమును ఖాళీగా విడువుడు. మూత బిగించి గాలి ఎక్కించి, పై మరను మూడు నాలుగు మారులు లాగి లోపలి మామూలు గాలిని వెడలగొట్టుడు. అది మిగిలినచో సోడా పసలేక యుండును. పిదప చదరపు అంగుళమునకు 30 పౌండ్ల ఒత్తిడి నిలిపి, పీపాను చల్లని చోట నాలుగైదు దినములుంచవలెను. త్వరపడువారు కొన్ని నిమిషములు పీపాను బాగుగా ఊపినను గాలి వేగముగా కరగును.

పట్టుకొనునపుడు ఒత్తిడిని 10 పౌండ్లకు దించి, పై మరతో మిగులు గాలిని విడిచి, నల్లాను పూర్తిగా తెరువవలెను. సగము తెరచిన నురుగే వచ్చును. నల్లాకు పోవు గొట్టము సన్ననిదై పొడవుగా నుండుట మేలు. ఉప్పు, నిమ్మరసము, సుగంధి పాకము గ్లాసులోనే కలుపుడు. పీపాలో పోసినచో అది పులియును, కడుగుటయు కష్టము.

ఇక జాగ్రత్తలు. సిలిండరులోని ఒత్తిడి 20 డిగ్రీల వేడిలోనే సుమారు 830 పౌండ్లు. మోటారుబండి చక్రమున నుండునది 30 పౌండ్లే గదా! 31 డిగ్రీలు దాటినచో లోని ద్రవమంతయు గాలిగా మారి ఒత్తిడి మిక్కిలి పెరుగును. కావున మే నెల ఎండలో, మూసిన బండిలో దానిని ఉంచరాదు. రెగ్యులేటరు లేనిదే పీపాకు తగిలింపరాదు. పీపాపై ముద్రించిన ఒత్తిడి హద్దును మీరరాదు. లోని ఒత్తిడి పూర్తిగా విడువనిదే మూత తీయరాదు.

ఈ గాలి మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. కిటికీలు లేని పసుపు గదిలో కారినచో నేలమీద నిలిచి, నిద్రించువారికి ఊపిరాడనీయదు. గాలి వీచు చోటనే, గోడకు కట్టి, నిలువుగా ఉంచవలెను.

మందు కొట్టు పంపు గట్టిదే కదా యని దానిని పీపాగా వాడ తలచువారు ఉండవచ్చును. ఎంత కడిగినను అది త్రాగుటకు పనికిరాదు. సోడానీరు పులుపు గలది గనుక రాగి, ఇత్తడి గొట్టములను తిని విషమగును. మంటలార్పు సిలిండరులోని గాలియు, వంటగ్యాసు సామగ్రియు వాడరాదు. చెడునీరు సోడా చేసినంతమాత్రమున శుద్ధి కానేరదు.

ఒక్కమారు పీపా నింపి త్రాగుటకు సుమారు పావు కిలో గాలి పట్టును. రెండు కిలోల సిలిండరు ఏడెనిమిది మారులకు చాలును. మిగిలినది ముల్లు చూచిన తెలియదు. తూచి, సిలిండరుపై ముద్రించిన వట్టి బరువును తీసివేసి తెలిసికొనవలెను. తూకములో మన పసుపు రైతుల కెవరును నేర్పనక్కరలేదు.

ఒక్క ఇంటికి ఈ సామగ్రి భారమగును. నలుగురైదుగురు సభ్యులు కలిసి సిలిండరు, రెగ్యులేటరు కొని, పీపాలు మాత్రము ఎవరివి వారుంచుకొనవచ్చును. కాలపరీక్ష ముద్ర గల సిలిండరునే కొనుడు. నింపు బాధ్యత, పరీక్షించు బాధ్యత ఒకరికే అప్పగించి పుస్తకమున వ్రాయుడు. అందరిదైన వస్తువునకు ఒక కాపరి యుండినగాని క్షేమము లేదు.