చిన్న కళాశాలయా, పేరుగన్న విశ్వవిద్యాలయమా?

కుమారునో కుమార్తెనో అమెరికాకు పంపుటను గూర్చిన యాలోచన నేడు మన రైతు కుటుంబములలో సాధారణమైనది. ఇంటర్మీడియెటు ముగిసినవెంటనే బి.ఏ., బి.యస్సీ. వంటి తొలి పట్టమునకే యచటికి పోగోరువారికి మొదట నెదురగు ప్రశ్న యిది: జగత్ప్రసిద్ధమైన విశ్వవిద్యాలయమున చేరవలెనా, మన యూళ్లలో నెవ్వరును పేరు వినని చిన్న కళాశాలలో చేరవలెనా? భూమి తాకట్టుపెట్టి పంపదలచిన తండ్రి పేరును చూచుట సహజమే. కాని పేరు పాఠము చెప్పదు.

అచట లిబరల్ ఆర్ట్సు కళాశాలలని యొక తెగ కలదు. వానిలో సాహిత్యము, చరిత్ర, గణితము, ప్రకృతిశాస్త్రములు కలిపి నేర్పుదురు. ఆయోవా రాష్ట్రమున మొక్కజొన్న చేల నడుమ 1846లో స్థాపింపబడిన గ్రిన్నెల్ కళాశాల యట్టిది. అందలి విద్యార్థులు సుమారు 1,700 మంది. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున 40,000 మందికి పైబడియున్నారు. ఇది సంఖ్యాభేదము మాత్రమే కాదు. పెద్ద విశ్వవిద్యాలయములలో తొలి తరగతులు పెక్కు వందలమంది కూర్చుండు శాలలలో జరుగును. సందేహములు తీర్చువారును, సమాధానపత్రములు దిద్దువారును తరచుగా పరిశోధక విద్యార్థులే. చిన్న కళాశాలలో ప్రాయికముగా అట్టివారు లేరు గావున ఆ పనియంతయు ఆచార్యునిదే.

వేరుసెనగ పండించు మన పాఠకులు జార్జి వాషింగ్టన్ కార్వరు కథ వినదగును. ఆయన మిస్సోరి రాష్ట్రమున బానిసగా జన్మించెను. కాన్సాసులోని యొక కళాశాల యుత్తరముద్వారా చేర్చుకొనుట కంగీకరించి, తీరా వచ్చినపిదప దేహవర్ణము చూచి త్రిప్పిపంపెను. 1890లో ఆయోవాలోని సింప్సన్ అను చిన్న కళాశాల ఆయనను చేర్చుకొనెను. అచట ఆయన నేర్చినది చిత్రలేఖనము! ఉపాధ్యాయిని యెట్టా బడ్ ఆయన మొక్కలను చిత్రించు తీరు గమనించెను. నల్లజాతివానికి చిత్రములవలన జీవనము గడచుట దుర్లభమనియు తలచెను. ఆమె తండ్రి ఏమ్స్ పట్టణపు వ్యవసాయ కళాశాలలో తోటపనిశాస్త్రమున ఆచార్యుడు. ఆమె ప్రోత్సాహముననే కార్వరు 1891లో అచట చేరి, 1894లో పట్టమును, 1896లో పైపట్టమును పొందెను. ఆ యేటనే అలబామాలోని టస్కీగీ విద్యాలయమునకు పోయి, 1943లో మరణించువరకు అచటనే యుండెను. ప్రత్తి యొక్కటే వేసి సారము కోల్పోయిన పొలములలో వేరుసెనగను, అలసందలను మార్పుపైరులుగా వేయుడని పేదరైతులకు బోధించెను.

ఈ వృత్తాంతమున రెండు విద్యాలయములకును పాలు కలదు. పిల్లవానిని కనిపెట్టినది చిన్నది. కాని మొక్కల తెగుళ్లను గూర్చిన శాస్త్రము నేర్పు సాధనములు దానికి లేవు. అవి ఏమ్సులో నుండెను.

గ్రిన్నెల్ విద్యార్థియైన రాబర్టు నాయిసు 1948లో విందుకొరకు పొరుగు రైతు పందిని దొంగిలించెను. రైతుల రాష్ట్రమున అది యెంత నేరమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. భౌతికశాస్త్రోపాధ్యాయుడు గ్రాంట్ గేల్ కల్పించుకొని వాదించుటచేత బహిష్కారము తప్పి, కొన్ని నెలల దూరీకరణతో పోయినది. ఆ నాయిసే 1949లో పట్టము పొంది, ఎం.ఐ.టి.లో డాక్టరై, 1968లో ఇంటెల్ సంస్థను స్థాపించినవారిలో నొకడయ్యెను. వేలమందిలో నొక్కనికై యట్లు నిలుచు గురువు దొరకుట యరుదు.

అయినను, ఏ విద్య కావలెనో ముందే నిశ్చయించుకొన్నవానికి, ముఖ్యముగా ఇంజనీరింగు, వ్యవసాయశాస్త్రము కోరువానికి, చిన్న కళాశాల చాలదు. ఈ శాఖలు వానిలో ననేకమున లేనేలేవు. నిశ్చయము కుదురనివానికే యది మేలని మా యభిప్రాయము.

చిన్నది చవుక యని మాత్రము భ్రమింపరాదు. గ్రిన్నెల్లులో ప్రకటిత వ్యయము, భోజనవసతులతో, ఏడాదికి 80,000 డాలర్లు మించును, హార్వర్డులోను అంతే. కాని హార్వర్డు వలెనే ఆమ్హర్స్టు అను చిన్న కళాశాలయు విదేశీయుల ధనస్థితిని చూడకయే యెన్నుకొని, చాలని సొమ్మును తానే భరించును. బర్కిలీ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో విదేశీయులకట్టి సహాయ మత్యల్పము. సహాయము కోరువారు ప్రవేశపు దరఖాస్తుతోడనే యాదాయపు లెక్కలు పంపవలెను. చేరినపిదప కోరిన పెక్కు కళాశాలలు విదేశీయుల విన్నపము నంగీకరింపవు.