వెలుగు సోకితే గట్టిపడే జిగురు
నమూనాల తయారీకి సౌకర్యమే – కళ్లు, చర్మం జాగ్రత్త

కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, విడిభాగాలు అతికి, సందులను మక్కుతో పూడుస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దే మక్కు. అది ఆరేదాకా ఆగవలసిందే. ప్లాస్టిక్‌తో విమానాలు, ఓడల నమూనాలు చేసేవారికీ ఈ సందులే పెద్ద బెడద. వీరికిప్పుడు వెలుగు సోకగానే గట్టిపడే జిగుర్లు, లప్పాలు దొరుకుతున్నాయి.

నమూనా అంటే లెక్క ప్రకారం తగ్గించిన రూపు. రెక్కల కొస నుంచి కొసకు సుమారు 95 అడుగులుండే డకోటా విమానం 72వ వంతుకు తగ్గిస్తే 16 అంగుళాలకు వస్తుంది. అంత చిన్న వస్తువుపై వెంట్రుకవాసి సందు కూడా రంగు వేశాక కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

పనిచేసే తీరు

ఈ జిగురులో అక్రిలేట్ జాతి అణువులు విడివిడిగా ఉంటాయి. కాంతిని పీల్చుకునే మరో పదార్థాన్ని అందులో కొద్దిగా కలుపుతారు. 365 నుంచి 405 నానోమీటర్ల కాంతినిచ్చే చిన్న టార్చి వేయగానే ఆ పదార్థం విడిపోయి, అణువులు గొలుసులుగా అల్లుకునేలా చేస్తుంది. కొన్ని సెకన్లలో జిగురు గట్టిపడుతుంది. పంటి డాక్టర్లు నీలికాంతితో పిప్పిపంటిని పూడ్చేదీ ఈ సూత్రంతోనే.

వెలుగు పడేదాకా గట్టిపడదు గనుక ముక్కను నిదానంగా సరిచూసుకోవచ్చు. ఎండ తగిలినా గట్టిపడుతుంది. అందుకే దీనిని వెలుగు చొరని సీసాల్లో ఉంచుతారు.

ఎక్కడ పనికివస్తుంది?

విమానం అద్దాల వంటి పారదర్శక ముక్కలకు ఇది శ్రేష్ఠం. సూపర్ గ్లూ ఆవిరి తగిలితే అద్దం తెల్లగా మసకబారుతుంది. దీనితో ఆ ఇబ్బంది లేదు. చిన్న గుంటలు, సందులు పూడ్చడానికీ పనికివస్తుంది. ఒక్కసారిగా మందంగా వేస్తే అడుగున పచ్చిగానే ఉండిపోతుంది. మిల్లీమీటరుకు మించకుండా పొరపొరగా వేసి, ప్రతి పొరకూ వెలుగు చూపాలి. గాలిలోని ఆక్సిజన్ వల్ల పైపొర కాస్త జిగటగా మిగులుతుంది. దానిని స్పిరిట్‌తో తుడిచి గరుకు కాగితంతో రుద్దాలి.

వెలుగు చొరని చోట ఈ జిగురు వ్యర్థం. కర్ర, అట్ట, రంగు ప్లాస్టిక్ ముక్కల నడుమ పూస్తే ఎంతకూ గట్టిపడదు. విజ్ఞాన ప్రదర్శనకు అట్టలతో ఆనకట్టో, గాలిమరో చేసే విద్యార్థులు దీనికి డబ్బు తగలేయనక్కరలేదు. మైదా జిగురు, మామూలు తెల్ల జిగురు చాలు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

365 నానోమీటర్ల కాంతి కంటికి దాదాపు కనిపించదు. కనిపించనిది ఏం చేస్తుందిలే అని టార్చిలోకి చూస్తే కంటికి హాని. అతినీలలోహిత కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి.

పచ్చి జిగురు చర్మానికి తగలరాదు. కొందరికి దురద, పొక్కులు వస్తాయి. ఒకసారి అక్రిలేట్లు పడకుండా పోతే అది జీవితాంతం ఉండవచ్చు. పంటి వైద్యంలో వాడే ఇదే జాతి పదార్థాలు కూడా అటువంటి వారికి పడకపోవచ్చు. గోళ్ల జెల్ రంగులలోనూ అక్రిలేట్లే ఉంటాయి. వాటివల్ల వచ్చే అలర్జీ గురించి బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లో హెచ్చరించింది.

చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, జిగురు అంటితే వెంటనే మార్చాలి. చర్మానికి తగిలితే సబ్బుతో కడగాలి. రుద్దేటప్పుడు తడి కాగితం వాడితే దుమ్ము లేవదు. టార్చి, సీసా రెండూ పసిపిల్లలకు అందకుండా ఉంచాలి. బడి పిల్లలు ఈ పని చేసేటప్పుడు ఉపాధ్యాయులో, పెద్దలో దగ్గరుండి చూసుకోవడం అవసరం.