రాయి, దీపం, మాన్యం: మృతుల స్మృతిపై అపోహలు – వాస్తవాలు

సంక్రాంతికి బుచ్చిరెడ్డిపాలెం మొదలుకొని పెన్నా తీరపు పల్లెల్లో ముందుగా పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, పిండివంటలు వడ్డించి, ఆ తరువాతనే ఇంటిల్లిపాదీ పండుగ చేసుకోవడం ఆచారం. మృతులను తలచుకొనే ఈ బాధ్యతను తొలి మధ్యయుగాల తెలుగు సమాజం ఇంటికే పరిమితం చేయక ఊరికీ గుడికీ పంచింది. అయితే ఆ ఏర్పాట్లను గురించి కొన్ని పొరపాటు నమ్మకాలు పాతుకుపోయాయి.

అపోహ: ఊరి వెలుపల కత్తి పట్టిన బొమ్మ చెక్కిన రాళ్లన్నీ గ్రామదేవతల విగ్రహాలే.

వాస్తవం: వాటిలో అనేకం వీరగల్లులు, అనగా పోరులో మరణించినవారి కోసం నిలిపిన శిలలు. మూడు అరలున్న వీరగల్లును కింది నుంచి పైకి చూడాలి: అడుగు అరలో వీరుడు కత్తి, డాలు పట్టి పోరాడుతుంటాడు, నడిమి అరలో అప్సరసలు అతణ్ణి ఇరువైపులా పట్టి పైకి తీసుకుపోతుంటారు, పై అరలో అతడు శివలింగం చెంత కనిపిస్తాడు. గాజులు తొడిగి పైకెత్తిన చేయి చెక్కి ఉంటే అది సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన సతిశిల. కాలక్రమంలో మృతుల పేర్లు మరుగున పడి, పసుపు కుంకుమలు మాత్రం కొనసాగినచోట ఈ శిలలే దేవతలయ్యాయి.

అపోహ: ఇటువంటి గౌరవం రాజులకు, సేనానులకు మాత్రమే దక్కేది.

వాస్తవం: ఇక్ష్వాకుల కాలంలో, అంటే సా.శ. 3–4 శతాబ్దాల్లో, నాగార్జునకొండలో నిలిపిన ఛాయాస్తంభాలనే స్మారక స్తంభాల్లో వాసిష్ఠీపుత్ర శాంతమూలునిది ఒకటి కాగా, సైనికులకూ శిల్పులకూ వేసినవి సైతం ఉన్నాయి. బాణ, వైదుంబ, నొళంబ రాజుల పోరాటాలతో 9, 10 శతాబ్దాల్లో రగిలిన మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో వీరగల్లులు విరివిగా లభించాయి. ఊరి పశువులను తోలుకుపోయే శత్రువులకు అడ్డుపడి కూలిన సామాన్యులకూ ఊరివారు శిల నిలిపేవారు. మృతుని కుటుంబానికి రక్తమాన్యం, అనగా అతడు చిందించిన నెత్తురుకు ప్రతిగా భూమి, ఇవ్వడమూ ఉండేది.

అపోహ: ఆయుధం పట్టనివారి స్మృతి ఏటా పెట్టే తద్దినంతోనే సరిపోయేది.

వాస్తవం: తీరాంధ్ర ఆలయ శాసనాల్లో తల్లిదండ్రులకు పుణ్యంగా అఖండదీపం పెట్టించిన దాతలు ఎందరో కనిపిస్తారు. దాత గొర్రెలనో ఆవులనో ఆలయానికి సమర్పిస్తే, వాటిని పెంచుకొనే బోయ రోజూ మానెడు నెయ్యి దీపానికి పోయాలి. ఈ బాధ్యత అతని సంతతికీ సంక్రమించేది గనుక దాత వంశం అంతరించినా దీపం వెలుగుతూ ఉండేందుకు వీలుండేది.

అపోహ: దహనం చేసే సంప్రదాయంలో మృతుల చోట గుడి కట్టడం ఉండదు.

వాస్తవం: శ్రీకాళహస్తి సమీపంలోని తొండమనాడులో మరణించిన మొదటి ఆదిత్య చోళుని స్మృతికి అతని కుమారుడు మొదటి పరాంతకుడు 10వ శతాబ్దిలో అక్కడే శివాలయం నిర్మించాడు. రాజు అవశేషాలపై కట్టిన ఇటువంటి ఆలయాన్ని తమిళ శాసనాలు పళ్ళిప్పడై అంటాయి.

అపోహ: వీరగల్లు కింద నిధి ఉంటుంది.

వాస్తవం: 7వ శతాబ్ది ఇంగ్లండులో ఆంగ్లో-శాక్సన్ ప్రభువును సట్టన్ హూ వద్ద ఓడతో, బంగారంతో సహా పూడ్చిపెట్టగా 1939లో అవి బయటపడ్డాయి. వీరగల్లు అటువంటి సమాధి కాదు. అది స్మారక శిల మాత్రమే, మృతునికి ప్రతిఫలంగా ఇచ్చిన ఆస్తి బతికున్న వారసులకు చేరింది. నిధి కోసం తవ్వేవారు శిలను పగలగొట్టి, ఆ ఊరికి మిగిలిన ఏకైక లిఖిత చరిత్రను కొన్నిచోట్ల చేజేతులా పోగొడుతున్నారు.

అపోహ: శిల నిలిపితే చాలు, స్మృతి దానంతటదే నిలుస్తుంది.

వాస్తవం: 12వ శతాబ్ది నాటి పల్నాటి యుద్ధవీరులకు కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీకంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే అయిదు రోజుల ఉత్సవంలో వీరాచారం పాటించే కుటుంబాలవారు ఆయుధాలతో వచ్చి పాల్గొనడం వల్ల ఆ వీరుల పేర్లు నేటికీ జనం నోట ఉన్నాయి. అటువంటి ఉత్సవం గాని, మాన్యం గాని, దీపపు బాధ్యత గాని తోడులేని శిలలే పేరులేని బొమ్మలుగా మిగిలాయి. కనుక పొలంలో అక్షరాలున్న రాయి బయటపడినప్పుడు దానిని కదపక పురావస్తు శాఖకు తెలియజేయడం నేటి ఊరివారు స్వీకరించవలసిన బాధ్యత.